ఛారిటీ సైకిల్ రైడ్: రోజుకు 90 కిలోమీటర్లు ఎలా తొక్కుతారు? వచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది?

చలికాలంలో తెల్లవారుజామున 5 గంటలు. హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర ఆఫీస్ క్యాబ్‌లు తప్ప పెద్దగా బండ్లు కనిపించవు. ఆ టైమ్‌కే హెల్మెట్లు పెట్టుకుని, వెనక ఎర్ర లైట్లు వెలిగించుకుని సైక్లిస్టులు గుంపుగా రోడ్డెక్కేస్తారు. చాలామంది వ్యాయామం కోసం తొక్కుతారు. కొందరు మాత్రం వేరేవాళ్ల కోసం తొక్కుతారు. అదే ఛారిటీ రైడ్. మరి ఇది ఎలా సాగుతుంది? ఒక రోజంతా రోడ్డు మీద ఏం జరుగుతుంది?

అసలేంటి ఈ ఛారిటీ రైడ్?

ఇది రేసు కాదు. ఫస్ట్ ప్రైజ్, సెకండ్ ప్రైజ్ ఉండవు. 'నేను ఇన్ని కిలోమీటర్లు తొక్కుతాను, మీరు విరాళం ఇవ్వండి' అని రైడర్లు స్నేహితులను, కొలీగ్స్‌ను, తాము పనిచేసే కంపెనీలను అడుగుతారు. వచ్చిన డబ్బు ముందే చెప్పిన పనికి వెళ్తుంది.

హైదరాబాద్‌లో ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ ఇన్ఫినిటీ రైడ్. దీన్ని నడిపేది ఆదిత్య మెహతా ఫౌండేషన్. ఆదిత్య మెహతా హైదరాబాద్‌కు చెందిన పారా సైక్లిస్ట్. 2006లో రోడ్డు ప్రమాదంలో ఒక కాలు కోల్పోయారు. తర్వాత కృత్రిమ కాలితో సైకిల్ తొక్కడం నేర్చుకుని, 2013 ఆసియా పారా సైక్లింగ్ చాంపియన్‌షిప్‌లో రెండు రజత పతకాలు గెలిచారు. దివ్యాంగులను, విధుల్లో గాయపడిన జవాన్లను క్రీడాకారులుగా తయారు చేయడమే ఈ ఫౌండేషన్ పని. అందుకు కావాల్సిన నిధుల కోసమే ఈ రైడ్‌లు.

2020లో జరిగిన రైడ్ వీటిలో పెద్దది. బీఎస్ఎఫ్‌తో కలిసి నిర్వహించిన ఆ రైడ్ నవంబర్ 19న కశ్మీర్‌లో మొదలై డిసెంబర్ 31న కన్యాకుమారిలో ముగిసింది. 43 రోజులు, సుమారు 3,800 కిలోమీటర్లు. అంటే సగటున రోజుకు 90 కిలోమీటర్ల దాకా అన్నమాట!

90 కిలోమీటర్లంటే ఎంత దూరం?

మన దగ్గరి లెక్కలో చెప్పాలంటే, హైటెక్ సిటీ నుంచి జడ్చర్ల దాకా. బెంగళూరు వైపు వెళ్లే రైడ్‌కు ఇది మొదటి రోజు దూరం అనుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి సైకిళ్లను రానివ్వరు. కాబట్టి సర్వీస్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరాలి. అక్కడి నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి. కొత్తూరు, షాద్‌నగర్, రాయికల్ టోల్ ప్లాజా, బాలానగర్ దాటితే జడ్చర్ల.

గంటకు 18 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా, తొక్కడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. ఆగే టైమ్ కలిపితే 7 గంటలు. 5 గంటలకు బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు. లేటైతే ఇక్కడ ఐటీ కారిడార్ ట్రాఫిక్, అక్కడ హైవే మీద ఎండ. రెండూ తప్పవు.

వెనకబడితే వదిలేస్తారా?

వదిలేయరు. గ్రూప్ రైడ్‌లో అసలు రూల్ ఇదే. ముందు ఒకరు దారి చూపిస్తారు. చిట్టచివర మరొకరు ఉంటారు. ఆ చివరి మనిషి ఎవరినీ దాటి ముందుకు వెళ్లకూడదు. ఎవరికి పంక్చరైనా, ఎవరు అలిసిపోయినా వాళ్ల దగ్గర ఆగాల్సిందే. ఆ వెనకే మందులు, స్పేర్ ట్యూబులు ఉన్న వాహనం వస్తుంది. గ్రూపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ల వేగమే గ్రూపు వేగం.

గుంపుగా వెళ్లడం వల్ల ఇంకో లాభం ఉంది. ఎదురుగాలిని ముందున్నవాళ్లు అడ్డుకుంటారు, వెనకున్నవాళ్లకు శ్రమ తగ్గుతుంది. అందుకే బలమైన రైడర్లు వంతులవారీగా ముందుకొస్తారు. అయితే చక్రానికి చక్రం దగ్గరగా ఉంటుంది కాబట్టి సడన్ బ్రేక్ కొడితే వెనకవాళ్లంతా పడిపోతారు. గొయ్యి కనిపిస్తే చేత్తో చూపించడం, ఆగే ముందు గట్టిగా అరిచి చెప్పడం తప్పనిసరి.

కృత్రిమ కాలుతో తొక్కడం ఎంత కష్టం?

మోకాలి పైనుంచి కాలు లేనివాళ్లు పెడల్ మీద బలమంతా దాదాపు ఒక కాలితోనే వేయాలి. కృత్రిమ కాలు తొడుక్కునే భాగంలో చెమట పడితే అది జారుతుంది, రాసుకుపోయి చర్మం పుండవుతుంది. అందుకే మధ్యమధ్యలో ఆగి, కాలు తీసి, తుడుచుకుని మళ్లీ తొడుక్కోవాలి. మిగతావాళ్లకు అది టీ బ్రేక్. వాళ్లకు మాత్రం మర్నాడు మళ్లీ సైకిల్ ఎక్కగలరా లేదా అని తేల్చే టైమ్.

నడుము కింద భాగం పనిచేయనివాళ్లకు చేతులతో తిప్పే హ్యాండ్‌సైకిల్ ఉంటుంది. చూపు లేనివాళ్లు ఇద్దరు తొక్కే ట్యాండెమ్ సైకిల్ మీద వెనక కూర్చుంటారు. హ్యాండ్‌సైకిల్ నేలకు బాగా దగ్గరగా ఉంటుంది, లారీ డ్రైవర్ కంటికి ఆనదు. అందుకే దానికి పొడవైన కర్రతో జెండా కడతారు.

ఏం తింటారు? ఏం తాగుతారు?

దాహం వేసేదాకా ఆగకూడదు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు గుక్కగుక్కగా తాగాలి. చెమటలో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఓఆర్ఎస్ గానీ, ఉప్పు వేసిన నిమ్మరసం గానీ కలుపుకోవాలి. గంటకోసారి ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో తినాలి. దారిలో ఇడ్లీ ఓకే. పూరీ, బజ్జీ లాంటివి మాత్రం తిన్నాక తొక్కడం కష్టం.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

అలసటకన్నా పెద్ద ప్రమాదం వెనక నుంచి వచ్చే వాహనమే. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఢీకొన్న తీరును బట్టి చూస్తే, మిగతా ఏ రకం కన్నా వెనక నుంచి ఢీకొట్టిన ప్రమాదాలే ఎక్కువ. సైక్లిస్టుకు అద్దం ఉండదు, చుట్టూ ఇనుప బాడీ ఉండదు. పక్క నుంచి లారీ వేగంగా దూసుకెళ్తే ఆ గాలికే సైకిల్ పక్కకు ఊగుతుంది.

ప్రాక్టీస్‌కు మాత్రం ఐటీ కారిడార్‌లో ఇప్పుడు సేఫ్ ప్లేస్ ఉంది. ఔటర్ పక్కన నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మొత్తం 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ కట్టారు. 2023 అక్టోబర్ 1న దీన్ని ప్రారంభించారు. అయితే ట్రాక్ దాటాక హైవే హైవేనే.

విరాళం ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

- సంస్థ రిజిస్టర్ అయిందా, పన్ను మినహాయింపు గుర్తింపు ఉందా అని అడగండి.
- రైడ్ ఖర్చులు విరాళాల నుంచి తీస్తున్నారా, లేక రైడర్లే భరిస్తున్నారా తెలుసుకోండి.
- డబ్బు రైడర్ సొంత ఖాతాకు కాకుండా నేరుగా సంస్థ ఖాతాకే పంపండి. రసీదు తీసుకోండి.
- 2,000 రూపాయలు దాటి నగదు రూపంలో ఇస్తే పన్ను మినహాయింపు రాదు.

విరాళం ఇవ్వకపోయినా చేయగలిగే సాయం ఒకటుంది. రోడ్డు మీద సైకిళ్ల గుంపు కనిపిస్తే వెనక నుంచి హారన్ మోగించకండి. ఉలిక్కిపడి ఒక్కరు తూలినా అందరూ పడిపోతారు. కాసేపు వేగం తగ్గించి, పక్కన బాగా ఖాళీ వదిలి దాటండి. మీకు పోయేది అర నిమిషం. ఆ గుంపులో ఒకసారి రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, మళ్లీ అదే రోడ్డు మీదికి వచ్చినవాళ్లు ఉండొచ్చు.