బేత్లెహేములో కాన్పు: మన నాటికలో ఉన్నదీ, వాక్యంలో ఉన్నదీ



డిసెంబరు వచ్చిందంటే మా నర్సింగ్ స్కూలు పిల్లలు సెమీ క్రిస్మస్‌కు నాటిక వేస్తారు. ప్రతి ఏడూ అదే నాటిక. నిండు చూలాలైన మరియ గాడిద మీద వస్తుంది. అప్పటికే నొప్పులు మొదలై ఉంటాయి. యోసేపు తలుపు తడితే సత్రం యజమాని కసిరి పంపేస్తాడు. చివరికి ఊరి బయట పశువుల పాకలో, ఎవరి సాయమూ లేకుండా కాన్పు అయిపోతుంది. వెంటనే గొల్లలు, వారి వెనుకే కిరీటాలు పెట్టుకున్న ముగ్గురు రాజులు. ఇరవై నిమిషాల్లో అంతా పూర్తి. స్టూడెంటుగా ఉన్నప్పుడు నేనూ అందులో దేవదూత వేషం వేశాను. బైబిల్లో ఉన్నది ఇదేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఒక క్రిస్మస్ వారంలో తెల్లవారుజామున ఒక బాలింతను ఆటోలో తీసుకొచ్చారు. రెండో కాన్పు, ఇంట్లోనే అయింది. బిడ్డ బాగానే ఉంది గానీ మాయ పడలేదు, రక్తం ఆగడం లేదు. ఎంతసేపైందమ్మా అని అడిగితే, రాత్రి పదకొండు నుంచి అన్నారు. వాళ్ళ అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, "మరియమ్మ తల్లి పశువుల పాకలో కనలేదా సిస్టరమ్మా, ఆవిడకు ఏ డాక్టరున్నాడు? ప్రభువే చూసుకుంటాడనుకున్నాం" అంది. డాక్టరమ్మగారు మాయ తీశారు, రక్తం ఎక్కించాం, ఆ అమ్మాయి బతికింది. ఆ పెద్దావిడను నేను ఒక్క మాట అనలేకపోయాను. ఆ నాటిక చూపించింది మేమే కదా! ఆ రోజు డ్యూటీ దిగిన తరువాత లూకా సువార్త 2వ అధ్యాయం తీసి, నర్సు కళ్ళతో నెమ్మదిగా చదివాను.

మొదట నన్ను ఆపింది 6వ వచనం. వారు బేత్లెహేములో ఉన్న కాలంలోనే మరియకు నెలలు నిండినట్లు లూకా రాశాడు. ఊళ్ళో అడుగుపెట్టిన రాత్రే కాన్పు అయిందని లేదు. దారిలో నొప్పులు వచ్చినట్లు లేదు, గాడిద మాట అసలే లేదు. నజరేతు నుండి బేత్లెహేముకు 100 కిలోమీటర్లకు పైనే, ఎన్నో రోజుల ప్రయాణం. నొప్పులతో ఆ దారి నడిచిందని మనం చెప్పుకుంటున్నాం గానీ లూకా చెప్పలేదు.

ఇక సత్రం సంగతి. యజమాని అనే మనిషి ఆ అధ్యాయంలో ఎక్కడా కనిపించడు. మన తెలుగు బైబిల్లో ఇక్కడ "సత్రము" అని ఉంది. మూల గ్రీకులో ఉన్న మాట కటలుమా. ఇదే మాటను లూకా మళ్ళీ 22వ అధ్యాయంలో, ప్రభువు శిష్యులతో పస్కా భుజించిన గదికి వాడాడు. అక్కడ మన అనువాదకులు దానిని "విడిది గది" అన్నారు. మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చిన పూటకూళ్ల ఇంటికి లూకా వేరే మాట వాడాడు. కాబట్టి బేత్లెహేములో నిండిపోయినది బంధువుల ఇంట్లోని విడిది గది అయి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. యోసేపుది దావీదు వంశం, బేత్లెహేము ఆయన పితరుల ఊరు. జనసంఖ్య కోసం వచ్చినవారితో ఇల్లు కిక్కిరిసి ఉండి ఉంటుంది.

మరి పశువుల తొట్టి? ఆనాటి అక్కడి పల్లె ఇళ్ళలో మనుషులు ఉండే చోటుకు కాస్త పల్లంగా ఒక పక్క పశువులను రాత్రిపూట కట్టేవారు. గడ్డి తొట్టి ఆ ఇంట్లోనే ఉండేది. మన పల్లెల్లోనూ చలికాలం మేకపిల్లలను ఇంట్లోనే కట్టేసుకుని పడుకున్న కుటుంబాలు ఎన్ని లేవు! గుహ అని చెప్పే పాత సంప్రదాయం కూడా ఉంది. 4వ శతాబ్దంలో కట్టిన క్రీస్తు జనన దేవాలయం ఒక గుహ మీదే ఉంది. అక్కడ గుహలను ఇళ్ళతో కలిపి వాడుకునేవారు కూడా. ఏదైనా, ఊరి బయట ఒంటరి పాక అని మాత్రం లూకా రాయలేదు. ఎద్దు, గాడిద కూడా ఆయన కథలో లేవు. పశువులతో సహా ఆ దృశ్యాన్ని జనానికి చూపించినవాడు ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో, 1223లో, అస్సీసి ఫ్రాన్సిస్.

కాన్పు దగ్గర ఎవరున్నారు? లూకా చెప్పలేదు. ఎవరూ లేరని కూడా చెప్పలేదు. బొడ్డు ఎవరు కోశారో కూడా రాయలేదు, అయినా ఎవరో ఒకరు కోసే ఉంటారు కదా! మంత్రసానులు ఆ జనానికి కొత్త కాదు. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల పేర్లు ఉన్నాయి. మా వృత్తిలోని ఆడవాళ్ళ పేర్లు లేఖనంలో ఉన్నాయని నేను స్టూడెంట్లకు ప్రతి బ్యాచిలోనూ చెబుతాను.

"ఆ రోజుల్లో అందరూ ఇంట్లో కనేవాళ్ళు, ఎవరికి ఏమైంది?" అనేవారికి ఆదికాండము 35వ అధ్యాయం చూపిస్తాను. యాకోబు భార్య రాహేలుకు ప్రయాణంలో నొప్పులు వచ్చాయి, కాన్పు కష్టమైంది. మంత్రసాని పక్కనే ఉండి ధైర్యం చెప్పింది. బిడ్డ బెన్యామీను బతికాడు, తల్లి చనిపోయింది. ఆమెను పాతిపెట్టిన దారి ఏదో తెలుసా? బేత్లెహేముకు వెళ్ళే దారి. బేత్లెహేము పేరు చెప్పి ఇంటి కాన్పుకు ధైర్యం తెచ్చుకునేవారు రాహేలును కూడా తలచుకోవాలి. కాన్పు తరువాత రక్తస్రావం ఈనాటికీ బాలింతల ప్రాణాలు తీసే ముఖ్య కారణాలలో ఒకటి. బిడ్డ పుట్టిన అరగంటలోపు మాయ పడకపోయినా, గుడ్డలు తడిసిపోయేలా రక్తం పోతున్నా అది ప్రార్థన చేస్తూ ఇంట్లో కూర్చునే సమయం కాదు. 108కి ఫోన్ చేయండి, ప్రార్థన అంబులెన్సులో చేయండి.

పొత్తిగుడ్డలంటే బీదతనం వల్ల చుట్టిన చింకిపాతలు అని కొందరు ప్రసంగాల్లో చెప్పగా విన్నాను. కాదు. యెహెజ్కేలు 16:4 చూస్తే, పుట్టిన బిడ్డకు బొడ్డు కోయడం, నీళ్ళతో కడగడం, ఉప్పు రుద్దడం, గుడ్డలతో చుట్టడం ఆనాటి మామూలు సంరక్షణ అని తెలుస్తుంది. అంటే మరియ బిడ్డను ఒక తల్లి చూసుకోవలసినట్లే చూసుకుంది. అలాగని ఉప్పు మాత్రం రుద్దకండి, పసిచర్మం పలుచన, ఉప్పు లోపలికి పోతుంది. మొదటి స్నానానికి 24 గంటలు ఆగండి. బొడ్డుకు పసుపు, బూడిద వంటివి పెట్టవద్దు. గుడ్డ చుట్టేటప్పుడు కాళ్ళు కదిలేలా వదులుగా ఉంచండి, బిగించి చుడితే తుంటి కీళ్ళు చెడతాయి. గంటలోపు ముర్రుపాలు పట్టండి.

జ్ఞానుల గురించి రెండు మాటలు. వారు రాజులని గాని, ముగ్గురని గాని మత్తయి రాయలేదు. కానుకలు మూడు కాబట్టి ముగ్గురు అనుకున్నారు, పేర్లు కొన్ని శతాబ్దాల తరువాత వచ్చి చేరాయి. వారు వచ్చింది తొట్టి దగ్గరకు కాదు, ఇంటికి. 40 రోజుల శుద్ధి దినాలు గడిచాక మరియ, యోసేపులు దేవాలయంలో పక్షులను అర్పించారు, అది గొఱ్ఱెపిల్లకు శక్తిలేని బీదల అర్పణ. అప్పటికి బంగారం ఇంకా చేతికి రాలేదన్నమాట. హేరోదు రెండేళ్ళ లోపు మగపిల్లలను చంపించాడంటే, జ్ఞానులు వచ్చేసరికి నెలలే గడిచి ఉండవచ్చు. డిసెంబరు 25 అనే తేదీ కూడా సువార్తలలో లేదు. రోమాలో 336 నాటికి ఆ రోజు ఆచరించినట్లు పాత పంచాంగంలో ఉంది. పండుగ చేసుకోవడానికి ఒక రోజు కావాలి కదా, నాకు దానితో పేచీ లేదు.

ఈ ఏడు మా పిల్లలు నాటికను మార్చి రాసుకున్నారు. ఇల్లు, ఇంటినిండా చుట్టాలు, మరియ పక్కన ఒక మంత్రసాని. ఆ వేషం నన్నే వేయమన్నారు, మోకాళ్ళ నొప్పులని తప్పించుకున్నాను. ఏటా సత్రం యజమానిగా తలుపు దభాలున వేసే మా వాచ్‌మన్ గారబ్బాయి ఒక్కడే అలిగాడు. వాడికి గొల్లవాని వేషమూ, నిజమైన మేకపిల్లా ఇస్తామన్న తరువాత ఒప్పుకున్నాడు.