గంగ ఎత్తు తెలుస్తుంది, ఊరి సత్తువ తెలిసేదెట్లా?

బాసర: గోదావరికి వరద వస్తే నీరు ఎన్ని అడుగులు పెరిగిందో కొలిచి చెప్పేవారున్నారు. ఆ వరదకు ఊరు ఎంతవరకు తట్టుకోగలదో కొలిచేవారు మాత్రం కానరారు.

బాసరకు ఎగువన కందకుర్తి వద్ద మంజీర వచ్చి గోదావరిలో కలుస్తున్నది. దిగువన శ్రీరాంసాగర్ జలాశయం 1091 అడుగుల పూర్తి మట్టానికి నిండితే నీరు వెనుకకు ఎగదన్నుతుంది. రెండూ ఒకేసారి జరిగితే ఘాట్లకు ముప్పే.

ఈ ప్రాంతానికి కడెం ఒక పాఠం. 1958లో ఆ కట్ట తెగింది. 2022 జూలైలో గేట్ల శక్తికి మించిన వరద వచ్చి నీరు పైనుంచి పొర్లినా కట్ట నిలిచింది. దిగువ గ్రామాలవారిని ముందే ఖాళీ చేయించారు. కట్ట బలం ఎంత ముఖ్యమో, వేళకు మాట చేరడమూ అంతే ముఖ్యం.

జపాన్‌లోని సెండాయ్‌లో 2015లో ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందం సారాంశమూ ఇదే: ముందస్తు హెచ్చరిక అందరికీ అందాలి, ప్రాణనష్టం తగ్గాలి.

మరి మన ఊరి లెక్క ఏమిటి? చాటింపు వేసిన ఎంతసేపటికి చివరి ఇంటికి మాట చేరుతుంది? నడవలేని ముసలివారు ఎందరు, వారిని మోసేదెవరు? పడవలెన్ని, ఈతగాళ్లెందరు? మెరకన తలదాచుకునే చోటు ఏది?

బాసరకు మరో చిక్కున్నది. అక్షరాభ్యాసానికి పసిపిల్లలతో వచ్చే యాత్రికులకు గంగ పోకడ తెలియదు. సత్రంలో నిద్రించేవారికి మరాఠీలోనూ హెచ్చరిక వినిపించాలి.

వానకాలానికి ముందే గ్రామసభలో ఈ లెక్క తీయించవలసిందిగా అధికారులకు మనవి.