కిటికీ మూయించిన పాట

మేముండేది అశోక్‌నగర్‌లో ఒక సందులో. ఒకనాటి ఉదయం నేను కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నాను. నాలుగో తరగతి చదివే మా మనవడు పక్కనే కూచుని లెక్కలు చేసుకుంటున్నాడు. అంతలో వీధి మలుపు దగ్గరినుంచి ఘంటసాలగారి గొంతు వినిపించింది. భగవద్గీత శ్లోకం. మావాడు చటుక్కున లేచి కిటికీ తలుపులు మూసేశాడు.

"ఎందుకురా మూశావు?" అన్నాను.

"ఎవరో చచ్చిపోయారు, తాతయ్యా! అది చచ్చిపోయినవాళ్ల పాట గదా?" అన్నాడు వాడు.

కిటికీ సందులోంచి చూద్దును గదా, నిజంగానే అంతిమయాత్ర వాహనం ఒకటి మెల్లగా సాగిపోతున్నది. మన ఊళ్లలో అలాటి బళ్లమీద ఆ రికార్డు వెయ్యటం అలవాటైపోయింది. గుళ్లలోనూ, ఇళ్లలోనూ కూడా తెల్లవారుతూనే వేస్తారు. కాని పిల్లలకు గుర్తుండేది ఆ బండే.

నేను మావాణ్ణి దగ్గర కూచోబెట్టుకున్నాను. "ఒరే, అది చచ్చిపోయినవాళ్ల కోసం పాడిన పాట కాదు. ఒంట్లో బాగాలేని ఒక మనిషి, తన పని తాను చేసుకోవాలన్న పట్టుదలతో పాడిన పాట. ఆ సంగతి చెబుతాను, విను," అన్నాను.

పిల్లలూ, వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకుపోయేవారు. ఆ తండ్రి ఘంటసాల చిన్నతనంలోనే పోయారు. సంగీతం నేర్చుకోవాలని కుర్రవాడు విజయనగరం చేరుకున్నాడు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉన్నది. పట్రాయని సీతారామశాస్త్రిగారనే గురువు ఆ కుర్రవాణ్ణి చేరదీసి పాఠం చెప్పారు.

మరి తిండి? మధుకరం ఎత్తుకున్నాడు. మధుకరం అంటే తుమ్మెద. తుమ్మెద ఒక్కొక్క పువ్వునుంచి కాస్త కాస్త తేనె తెచ్చుకున్నట్టు, పేద విద్యార్థి ఇంటింటికీ వెళ్లి పిడికెడు పిడికెడు అన్నం తెచ్చుకుని చదువుకోవటాన్ని మధుకరం అనేవారు. అలా నేర్చిన సంగీతంతో ఆయన తరువాత మద్రాసు వెళ్లి సినిమాలలో పాడారు, సంగీతం సమకూర్చారు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి', 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడని తెలుగు ఇల్లు ఉంటుందా? వాటి సంగీతం ఆయనదే. 1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇక జబ్బు సంగతి. ఘంటసాలగారికి చక్కెర వ్యాధి ఉండేది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తూండగా ఆయనకు గుండె నొప్పి వచ్చింది. మా చిక్కడపల్లి నుంచి రవీంద్రభారతి ఎంతో దూరం లేదు. ఓపిక ఉన్నవాడు నడిచి వెళ్లవచ్చు. ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారు. చాలా రోజులు చికిత్స చేశారు.

చక్కెర వ్యాధికీ గుండెకూ ఏమిటి సంబంధం? మన పొట్టలో క్లోమం అనే అవయవం ఉన్నది. అది ఇన్సులిన్ అనే రసాన్ని తయారు చేస్తుంది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరితే, ఆ చక్కెరను ఒంట్లోని కణాలకు అందించేది ఇన్సులిన్. అది చాలకపోయినా, సరిగా పనిచెయ్యకపోయినా చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే రక్తనాళాలు చెడతాయి. గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు కూడా రక్తనాళాలే గదా!

ఒక చిత్రం చూడండి. ఘంటసాలగారు పుట్టిన 1922లోనే, జనవరి నెలలో, కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది ఇచ్చారు. అంతకుముందు ఆ కుర్రవాడివంటి రోగులకు బతికే దారే లేదు.

గుండె బలహీనపడితే పాటగాడికి మొదట తగ్గేది ఊపిరి. ఊరికే కూచున్న పెద్దవాళ్లు నిమిషానికి పన్నెండు మొదలు పద్ధెనిమిది సార్లు ఊపిరి తీస్తారు. పాటగాడు అలా తీస్తే కుదరదు. గబుక్కున గుండెలనిండా గాలి పీల్చి, దాన్ని పొదుపుగా, చరణం తెగకుండా, కొంచెం కొంచెంగా వదలాలి. అందుకు ఊపిరితిత్తులూ, గుండే రెండూ సాయపడాలి.

అటువంటి స్థితిలో ఘంటసాలగారు భగవద్గీత పాడాలని సంకల్పించారు. గీతలో 700 శ్లోకాలున్నాయి. వాటిలో నూరుకు పైగా ఏరుకుని, శ్లోకం పాడి, దాని తాత్పర్యం తెలుగులో తానే చదివారు. ఈసారి విన్నప్పుడు శ్రద్ధగా గమనించండి. శ్లోకం చిన్నది. అది కాగానే మామూలు మాట. మళ్లీ శ్లోకం. దారిలో రాగాలు మారుతూ ఉంటాయి. మధ్యలో వాద్యాలు పలుకుతాయి. పెద్ద పరుగులూ, కేకలూ లేవు. ఆ గొంతు మన పక్కనే కూచుని చెబుతున్నట్టు ఉంటుంది.

పాట పాడేది ఒకరే అని మనం అనుకుంటాం. నిజానికి వెనక ఒక బృందం ఉంటుంది. ఘంటసాలగారి బృందంలో చాలా ఏళ్లపాటు సహాయకుడుగా ఉండి హార్మోనియం వాయించినవారు పట్రాయని సంగీతరావుగారు. ఆయన ఎవరనుకున్నారు? విజయనగరంలో పాఠం చెప్పిన సీతారామశాస్త్రిగారి కుమారుడే! గురువుగారి ఇంట తిన్న అన్నం, నేర్చిన పాఠం అలా బృందంగా మారి శిష్యుడి వెంట నడిచాయి. సంగీతరావుగారు నిండు నూరేళ్లు బతికి 2021లో పోయారు.

ఆ రోజుల్లో పాట రికార్డు చెయ్యటం ఇప్పటిలాగ కాదు. పాటగాడూ, వాద్యాలవాళ్లూ అందరూ ఒక్క హాలులో కూచుని ఒకేసారి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావలసిందే. మైకు ముందు పాడగానే ఆ ధ్వని విద్యుత్తుగా మారి, టేపు మీదికి వెళుతుంది. టేపు అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ. దానిమీద ఇనుప తుప్పువంటి పొడి పూసి ఉంటుంది. పాట హెచ్చుతగ్గుల ప్రకారం ఆ పొడి అయస్కాంతమవుతుంది. చూశారా, తుప్పు మీద పాట రాసుకుంటున్నామన్న మాట! ఆ టేపునుంచి గ్రామఫోను రికార్డు తయారు చేస్తారు. పాత రికార్డు ఒకవైపు సుమారు మూడు నాలుగు నిమిషాలే పాడేది. తరువాత వచ్చిన 'లాంగ్ ప్లే' రికార్డు ఒకవైపే ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. గీత వంటి పెద్ద పని అందువల్లనే సాధ్యపడింది.

ఘంటసాలగారు 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్ను మూశారు. ఆయనకు 51 ఏళ్లు. గీత రికార్డు ఆయన పోయిన తరువాత బయటికి వచ్చింది. దాన్ని జనం ఎలా నెత్తిన పెట్టుకున్నారో ఆయన చూడలేదు.

అప్పుడు నేను మీ అంతవాణ్ణి. బడినుంచి వస్తుంటే నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక హోటలు ముందు జనం గుమిగూడి రేడియో వింటున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. చేతుల్లో చాయ్ చల్లారిపోతున్నది. నాకు సంగతి పూర్తిగా అర్థం కాలేదు గాని, పెద్దవాళ్లు వీధిలో నిలబడి కళ్లు తుడుచుకోవటం అదే మొదటిసారి చూశాను.

జబ్బుపడిన మనిషి పాడటం, చుట్టూ ఉన్నవాళ్లు ఆ పాటను నిలబెట్టటం మన దేశంలోనే కాదు, ఇతర దేశాల్లోనూ జరిగింది. ఇంగ్లండులో 'క్వీన్' అనే నలుగురి బృందం ఉండేది. వారిలో పాటగాడు ఫ్రెడీ మెర్క్యురీ. ఆయన పార్సీవారి బిడ్డ. చిన్నప్పుడు మన మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నాడు. ఆయనకు ఎయిడ్స్ వ్యాధి వచ్చింది. ఇప్పుడు దానికి మంచి మందులున్నాయి, వేళకు వేసుకుంటే చాలా ఏళ్లు బతకవచ్చు. ఆనాడు అవి లేవు. 1991లో ఆయన స్విట్జర్లండులోని మాంట్రూలో, ఓపిక ఉన్న రోజున పాడుతూ, లేని రోజున పడుకుంటూ గొంతు రికార్డు చేయించాడు. అప్పటికి టేపులో ఒక్కొక్క వాద్యాన్ని ఒక్కొక్క గీతలో విడివిడిగా పట్టే పద్ధతి వచ్చింది. అంచేత అందరూ ఒకేసారి వాయించనక్కర లేదు. ఆయన అదే ఏడు నవంబరు 24న చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ ఆ గొంతు చుట్టూ తమ వాద్యాలు చేర్చి, 1995లో ఆ పాటలు విడుదల చేశారు.

ఇంతవరకూ గొప్పవాళ్ల కథ. ఇక నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో మా బడి వార్షికోత్సవానికి పిల్లలు ఒక కొత్త పాట కట్టారు. దాన్ని చిక్కడపల్లిలో ఒక చిన్న రికార్డింగు గదిలో రికార్డు చేయించాలని ఏర్పాటు. ఏడుగురు పిల్లలు. హార్మోనియం వాయించేది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆ పిల్లకు తలసేమియా ఉన్నది. అంటే రక్తంలో ఎర్రకణాలు సరిగా తయారుకావు. మూడు నాలుగు వారాలకొకసారి ఎవరో దాతలిచ్చిన రక్తం ఎక్కించాలి. అది పుట్టుకతో వచ్చేదే గాని, ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదు.

ఒకరోజు సాధనలో ఆ పిల్ల అలిసిపోయి తల వాల్చేసింది. నాకు భయం వేసింది. మర్నాడు జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాను. "అమ్మాయికి విశ్రాంతి కావాలి," అని వాళ్ల అమ్మగారికి కబురు చేశాను. మంచి పనే చేశాననుకున్నాను.

సాయంత్రం ఆ పిల్ల నా గదికి వచ్చి నిలబడింది. "సార్, నాకు జబ్బుందని నాకు తెలుసు. రాలేని రోజున నేనే చెబుతాను. రాగలిగిన రోజున కూడా మీరెందుకు వద్దంటారు?" అని అడిగింది.

నలభై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మేము డాక్టరుగారిని అడిగాం. రక్తం ఎక్కించిన మరుసటి రోజుల్లో ఆమెకు ఓపిక బాగుంటుందనీ, ఎక్కించే రోజు దగ్గరపడే కొద్దీ నీరసం వస్తుందనీ ఆయన చెప్పారు. వెంటనే రికార్డింగు తేదీ మార్చాం. మిగిలిన ఉపాయం పిల్లలే కనిపెట్టారు. హార్మోనియంలో చేతికి శ్రమ ఇచ్చేది తిత్తి. ఒక చెయ్యి మెట్లు నొక్కుతుంటే రెండోది తిత్తి ఊదుతూ ఉండాలి. ఆ పిల్ల స్నేహితురాలు ఎదురుగా కూచుని తిత్తి ఊదటం నేర్చుకున్నది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వారం రోజులు సాధన చేశారు. రికార్డింగు నాడు గదిలో ఉన్నాయన, "తిత్తి ఊదే అమ్మాయి గాజులు తీసెయ్యాలి, మైకులో వినిపిస్తున్నాయి," అన్నాడు. అంతా నవ్వారు. మూడోసారికి పాట సరిగా వచ్చింది.

ఆ పాట గొప్ప పాట అని నేననను. కాని అందులో ఏడుగురి పేర్లూ ఉన్నాయి.

పెద్దలకు ఒక మాట. జబ్బుపడిన పిల్లను జాగ్రత్తగా చూడవలసిందే, డాక్టరు చెప్పింది వినవలసిందే. కాని జాగ్రత్త పేరుతో ఆ పిల్ల చేతిలో పని లాగేసుకోకండి. పిల్లలకూ ఒక మాట. మీ తరగతిలో అలాటి స్నేహితుడుంటే, "నీవల్ల కాదు" అనకండి. "తిత్తి నేను ఊదనా?" అని అడగండి.

ఇదంతా విని మావాడు కొంచెంసేపు ఊరుకున్నాడు. తరువాత అడిగాడు: "తాతయ్యా, ఆయనకు అంత ఆయాసంగా ఉంటే, పాటలో మనకు తెలియదేం?"

"తెలుస్తుందేమో, నువ్వే విను," అన్నాను.

ఆ రాత్రి రికార్డు పెట్టాను. మావాడు వేలు పైకెత్తి, ఘంటసాలగారు ఊపిరి తీసిన చోటల్లా లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. తనూ ఆయనతోపాటు ఊపిరి బిగబట్టాడు. శ్లోకం సగంలోనే వాడి బుగ్గలు ఎర్రబడ్డాయి. "అమ్మో!" అని గాలి వదిలేశాడు.

మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. ఈ మధ్య మావాడు ఆ పాట వినిపిస్తే కిటికీ మూయటం లేదు.