వివరణకు, కోడ్‌కు తేడా పట్టే ‘డాక్‌టెస్ట్’
ఇతరులు వాడుకునేందుకు సిద్ధం చేసి ఉంచిన కోడ్ సంపుటినే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అంటారు. అందులో ఒక ఫంక్షన్‌ను మార్చిన ప్రోగ్రామర్, దాని వినియోగ వివరణను సవరించడం తరచూ మరచిపోతుంటారు. కోడ్ ఆగదు, హెచ్చరికా రాదు. పాత వివరణను నమ్ముకున్నవారి లెక్కే తప్పుతుంది.

ఈ తేడాను యంత్రమే పట్టుకునేందుకు పైథాన్ భాషలో ‘డాక్‌టెస్ట్’ ఉంది. టిమ్ పీటర్స్ రూపొందించిన ఈ సాధనం 2001లో పైథాన్ 2.1తో పాటు ప్రామాణిక లైబ్రరీలో చేరింది. వివరణలో మూడు బాణపు గుర్తుల తరువాత ఉన్న ఉదాహరణను ఇది నిజంగానే నడిపిస్తుంది. వచ్చిన ఫలితాన్ని, కింద రాసి ఉన్న ఫలితంతో అక్షరం అక్షరం పోలుస్తుంది.

ఈ పట్టింపు ఒక్కోసారి చిక్కే. 2024 జూన్‌లో విడుదలైన నమ్‌పై 2.0లో, అంతకుముందు 3.0గా కనిపించిన విలువ ‘ఎన్‌పీ.ఫ్లోట్64(3.0)’గా కనిపించసాగింది. లెక్క మారలేదు, అయినా పాత ఉదాహరణలు పరీక్షలో తప్పాయి.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. డాక్‌టెస్ట్ వాక్యాలను పరీక్షించదు. ‘ఈ ఫంక్షన్ ఖాళీ జాబితానూ స్వీకరిస్తుంది’ అని రాసి వదిలేస్తే, అది అబద్ధమైనా పరీక్ష నెగ్గుతుంది. అదే మాటను ఉదాహరణగా రాస్తే వెంటనే పట్టుబడుతుంది.