మలుపులో వెనుక చక్రం

ఢిల్లీ ఐఐటీ ప్రాంగణం పక్కనే ఉన్న జియా సరాయ్‌లో పోటీ పరీక్షల శిక్షణ కోసం వచ్చి అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు, తెలుగువారితో సహా, ఇరుకు సందు దాటి నాలుగడుగులు వేస్తే చాలు, బస్సులూ లారీలూ మలుపు తిరిగే పెద్ద రోడ్డు మీదికి వస్తారు. 2022లో దేశవ్యాప్తంగా 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో మరణించారని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కలు చెబుతున్నాయి.

పెద్ద వాహనం తిరిగేటప్పుడు వెనుక చక్రం ముందు చక్రం వెళ్లిన దారిలో వెళ్లదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య 6 మీటర్ల దూరం ఉన్న బస్సు ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, వెనుక చక్రం సుమారు 1.6 మీటర్లు లోపలికి జరుగుతుంది. అంటే ముందు భాగం తనను దాటిపోయిందని ఊపిరి పీల్చుకొని మలుపు అంచున నిలబడిన మనిషి ఉన్న చోటికే ఆ చక్రం చేరుతుంది. అదే సమయంలో ఎత్తయిన సీట్లో కుడివైపు కూర్చున్న డ్రైవరుకు, ఎడమ తలుపు కింది భాగం బ్లైండ్ స్పాట్, అంటే నేరుగా చూసినా అద్దంలో చూసినా కనిపించని జాగా, కావచ్చు.

దీనికి విరుగుడుగా వాహనం పక్కన రాడార్ అమర్చి, కదిలే మనిషిని లేదా సైకిలును పసిగట్టి డ్రైవరును హెచ్చరించే వ్యవస్థలు వచ్చాయి. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుంచి కొత్త బస్సులకూ లారీలకూ ఇలాంటి హెచ్చరిక వ్యవస్థలు తప్పనిసరి. అయితే ఢిల్లీ కూడళ్లలో మనుషులు బస్సును ఒరుసుకుంటూ నడుస్తారు కనుక, క్షణక్షణం మోగే హెచ్చరికను డ్రైవరు చెవిన పెట్టడం మానేసే ప్రమాదం ఉంది. అందువల్ల డ్రైవరు కంటికి మనిషి నేరుగా కనబడటమే ముందు కావలసినది. లండన్ నగరం 12 టన్నులు దాటిన లారీలకు డ్రైవరు ఎంత మేరకు నేరుగా చూడగలడో కొలిచి నక్షత్రాలు ఇస్తూ, 2021 నుంచి వాటిని బట్టి ప్రవేశాన్ని నియంత్రిస్తోంది. కింది వరకు గాజు ఉన్న తలుపు, తక్కువ ఎత్తు సీటు ఇందుకు తోడ్పడతాయి.

ఇక చక్రాల మధ్య ఖాళీని మూసే పక్క రక్షణ కడ్డీలు మరో మార్గం. అవి పడిపోయిన మనిషి వెనుక చక్రం కిందికి జారిపోకుండా అడ్డుకుంటాయి. భారతీయ ప్రమాణాల్లో వాటికి చోటున్నా, నేలకు మరీ ఎత్తుగానో వంగిపోయో ఉన్న కడ్డీ పేరుకే రక్షణ అవుతుంది కాబట్టి, ఫిట్‌నెస్ పరీక్షలో టేపు పెట్టి కొలవవలసినది ఆ ఎత్తునే.