ఉప్పునీటిపై పరిశోధన ఎవరిది?

మా ఊరు ఇందుకూరుపేట. నెల్లూరు నుంచి మైపాడు సముద్రతీరానికి పోయే దారిలో ఉంటుంది. పరిశోధనలో చేరదలచిన రోజుల్లో, మా వాడ బోర్లలో నీళ్లు ఎందుకు ఉప్పనవుతున్నాయన్న ప్రశ్నను అంశంగా రాసుకుని ఒక ఆచార్యుడిని కలిశాను. ఆయన కాగితం చదివి, ఊరూ వాడా అడిగి, ‘మీవాళ్ల పాటల మీదో, పండగల మీదో రాయకూడదా? అవి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?’ అన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఆదరణే ఉంది. అందుకే అందులోని అర్థం బోధపడడానికి నాకు చాలా కాలం పట్టింది.

పాటల మీద పరిశోధన తక్కువదని నేననను. అయితే నీటి రసాయనం ఒకరికి, నీటి కోసం పాడుకున్న పాట మరొకరికి అని ముందే పంచిపెట్టే చెయ్యి ఎవరిదన్నదే నా ప్రశ్న. ఊరికీ వాడకూ మధ్య గీసిన గీతే విశ్వవిద్యాలయంలో విభాగాల మధ్య గోడగా నిలిచింది.

మా తీరంలో ఒక్క రొయ్యల గుంట గట్టు మీద నిలబడి చూడండి. గుంటలోని ఉప్పునీరు పక్క పొలంలోకి, భూగర్భంలోకి ఎలా ఊరుతుందో చెప్పాల్సింది జలశాస్త్రం. 1990ల నడుమ రొయ్యలను ఊడ్చిపెట్టిన తెల్లమచ్చ తెగులును వివరించాల్సింది జీవశాస్త్రం. వరి పండిన మాగాణి గుంటగా మారితే నాట్ల కూలి ఎవరికి పోయిందో లెక్క తేల్చాల్సింది అర్థశాస్త్రం. భూమి ఎవరి చేతుల్లో ఉందో, అడ్వాన్సు తీసుకుని రాత్రింబవళ్లు కాపలా కాసే యానాది కుటుంబం ఆ గట్టు విడిచి ఎందుకు కదలలేదో చెప్పాల్సినవి చరిత్ర, సామాజికశాస్త్రం. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా గుంట సగమే అర్థమవుతుంది.

ఇది ఊహ కాదని న్యాయస్థానమే చూపింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు చెప్పింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలించి ఇచ్చిన నివేదికలు ఆ తీర్పుకు ఆధారం. ఆ శాస్త్రవేత్తలు నీటిని పరీక్షించి ఊరుకోలేదు. తీరం కోల్పోయినదాన్ని సొమ్ములోకి మార్చి, రొయ్యల ఆదాయం కంటే ఆ నష్టమే ఎక్కువని తేల్చారు. ప్రయోగశాల, లెక్కల పుస్తకం, న్యాయశాస్త్రం ఒక్కచోట చేరినందుకే పేదవాడి గోడు సాక్ష్యమైంది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగుకు మళ్లీ దారి తెరిచింది. అంటే ఈ లెక్కలు ఒకసారి తేలితే చాలవు. తరతరానికీ అడిగేవాళ్లు ఉండాలి. ఆ అడిగేవాళ్లు మాలపల్లె నుంచీ, మాదిగపల్లె నుంచీ, పట్టపుపాళెం నుంచీ, యానాదుల కాలనీ నుంచీ రావద్దా?

ఇప్పటిదాకా ఆ వాడలకు పరిశోధన ఒకే వైపు నుంచి వచ్చింది. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో యానాదులున్నారు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన కాలమది. 1962లో వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మీద పుస్తకం రాశారు. అది వాళ్ల పక్షాన నిలిచి పనిచేసిన మనిషి రచన, దాని విలువ వేరు. అయినా రాసినవాడు యానాది కాదు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేశాక, ఆ అడవిలో వేరూ ఆకూ ఎరిగి బతికిన యానాదులను అక్కడి నుంచి తరలించారు. వాళ్లు నిర్వాసితుల అధ్యయనాలకు అంశమయ్యారు. అంతరిక్ష శాస్త్రానికి మాత్రం వాళ్లు ఖాళీ చేసి ఇచ్చిన నేలగానే మిగిలారు.

అంబేడ్కర్‌ను కులం గురించి రాసిన మనిషిగానే మనకు పరిచయం చేస్తారు. 1916లో కొలంబియాలో ఆయన కులాల పుట్టుకపై పత్రం చదివిన మాట నిజమే. ఆయన డాక్టరేట్లు మాత్రం రూపాయి సమస్య మీద, రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద. కార్మిక శాఖ సభ్యుడిగా దామోదర్ లోయ పథకాన్ని నడిపించిందీ ఆయనే. అదే నది వరదలపై విచారణ సంఘంలో కూర్చున్నవాడు మేఘనాథ్ సాహా. నక్షత్రాల వెలుగును అణువుల భాషలో చదివిన ఆ భౌతికశాస్త్రవేత్త, కలకత్తా విద్యార్థి వసతిగృహంలో కులం పేరిట పంక్తికి దూరంగా ఉంచబడ్డాడు. నదిని సమాజంతో కలిపి చూసిన ఈ ఇద్దరికీ అంటరానితనం పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

ఇక చట్టం సంగతి చూద్దాం. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్లు కల్పించిన 2006 చట్టమే, షెడ్యూలులో చేర్చిన కొన్ని పరిశోధనా సంస్థలను వాటి నుంచి మినహాయించింది. టాటా మౌలిక పరిశోధనా సంస్థ, హోమీ భాభా జాతీయ సంస్థ, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయం వాటిలో ఉన్నాయి. బోధకుల నియామకాలకు సంబంధించిన 2019 చట్టమూ ఇలాంటి మినహాయింపునే కొనసాగించింది. ప్రతిష్ఠాత్మక సంస్థలు కాబట్టి మినహాయింపు అంటారు. ప్రతిభ ఉన్నచోట మనం ఉండలేమన్న పాత నమ్మకమే చట్టంలో అక్షరాలై కూర్చుంది.

రోహిత్ వేములను ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రాన్నీ సమాజాన్నీ కలిపి చదివిన పరిశోధకుడు, సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. 2016 జనవరి 17న మనం పోగొట్టుకున్నది ఒక ఉద్యమకారుడిని మాత్రమే కాదు. రాయాల్సి ఉండిన పుస్తకాలు కూడా ఆయనతోనే పోయాయి.

విద్యార్థి మిత్రులకు నాదొక్కటే మనవి. మీ కులం మీద పరిశోధన చేయండి, అది మీ హక్కు. మీ కులం మీదే చేయాలని ఎవరైనా అంటే మాత్రం ఆగి ఆలోచించండి. సముద్రం మీద, వైరస్ మీద, గణితం మీద, నక్షత్రాల మీద కూడా మీకు అంతే హక్కుంది. ప్రభుత్వాన్ని అడగాల్సినవీ స్పష్టమే: ఆ షెడ్యూలును రద్దు చేయాలి, ప్రతి సంస్థా ఏ విభాగంలో ఎందరు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పరిశోధకులున్నారో ఏటా ప్రకటించాలి.

మా వాడలో ఇవాళ తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటారు. బోరు నీళ్లు గిన్నెలు కడగడానికే పనికొస్తాయి. అవి ఎందుకు ఉప్పనయ్యాయో కొలిచి, ఎవరి వల్ల అయ్యాయో రాసి, న్యాయస్థానం దాకా మోసుకుపోగల పరిశోధకురాలు ఆ వాడ బడిలోనే ఇప్పుడు చదువుకుంటూ ఉండవచ్చు. ఆమె కాగితం పట్టుకుని వచ్చిన రోజున, పాటల మీద రాయమ్మా అని పంపేయకుండా ఉంటే చాలు.