రేడియోకు దొరికిన దుబాసీ

పాతకాలపు రేడియో చెవి మెలిపెట్టి స్టేషన్ పట్టినవాళ్లకు ఆ ఒడుపు గుర్తుండే ఉంటుంది. ముల్లు వెంట్రుకవాసి అటు జరిగితే గురగుర, ఇటు జరిగితే తెలియని భాషలో పాట, నడుమ ఎక్కడో మనకు కావాల్సిన వార్తలు. హ్యామ్‌లకు ఈ ఒడుపే సగం విద్య. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో దేశదేశాల వాళ్లతో సరదాగా మాట్లాడుకునేవాళ్లే హ్యామ్‌లు. వినడంతో పాటు పంపడం కూడా ఉంటుంది కనుక వాళ్ల చెయ్యి ఎప్పుడూ పెట్టె మీదే ఉండేది. ఇప్పుడు చెయ్యి వంద కిలోమీటర్ల అవతల ఉన్నా పని జరిగిపోతోంది. పెట్టె పొలంలో ఉంటుంది, యజమాని నగరంలో ఉంటాడు.

ఈ ఎడబాటుకు కారణం నగరమే. 7 మెగాహెర్ట్‌జ్ బ్యాండులో మాట్లాడాలంటే మామూలు డైపోల్ యాంటెన్నా తీగ దాదాపు 20 మీటర్లు సాగాలి. అపార్ట్‌మెంట్ డాబా మీద అంత తీగ కడతానంటే అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా? ఊరుకున్నా చుట్టుపక్కల ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు ఊరుకోవు. వాటిలో కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదిలే సర్క్యూట్లుంటాయి. ఆ రొద మన చెవికి అందదు గానీ యాంటెన్నాకు బాగా అందుతుంది. సముద్రాల అవతలి నుంచి వచ్చే సన్నని గొంతు అందులో మునిగిపోతుంది. అందుకే ఊరవతల ఖాళీ జాగాలో స్తంభం పాతి, రేడియోను అక్కడే వదిలి రావాలన్న ఆలోచన పుట్టింది.

దానికి దారి ఇంటర్నెట్ కంటే ముందే, రేడియో కడుపులోనే పడింది. పాత సెట్లలో నాబ్ తిప్పితే లోపల కెపాసిటర్ రేకులు నిజంగానే తిరిగేవి. 1980లకు వచ్చేసరికి ఆ పని సింథసైజర్, మైక్రోప్రాసెసర్ చేతికి వెళ్లింది. నాబ్ తిప్పితే ఇక ప్రాసెసర్‌కు చేరేది ‘కాస్త పెంచు’, ‘కాస్త తగ్గించు’ అనే విన్నపం మాత్రమే. ఆ విన్నపం నాబ్ నుంచి వచ్చినా, వైరులోంచి వచ్చినా ప్రాసెసర్‌కు ఒకటే. ఇది గ్రహించిన జపాన్ కంపెనీలు పెట్టె వెనక కంప్యూటర్‌కు కలిపే సాకెట్ పెట్టాయి. ఆ ఏర్పాటుకు యాయెసు ‘క్యాట్’ అని, ఐకామ్ ‘సీఐ-ఫైవ్’ అని పేరు పెట్టుకున్నాయి.

చిక్కల్లా ఎవరి భాష వాళ్లదే కావడం. రేడియోను 14.2 మెగాహెర్ట్‌జ్‌కు పొమ్మని చెప్పాలనుకోండి. కెన్‌వుడ్‌కైతే ‘ఎఫ్‌ఏ’ అని రెండక్షరాలు, వాటి వెనక 00014200000 అని పదకొండు అంకెలు, చివర ఒక సెమికోలన్ పంపాలి. యాయెసు వారి చిన్న సెట్టు ఎఫ్‌టీ-817కు ఐదు బైట్లు చాలు: 01 42 00 00, ఆపైన మరో 01. ఆ చివరి 01కి ‘ఫ్రీక్వెన్సీ మార్చు’ అని అర్థం. ఐకామ్ అదే అంకెను తోక నుంచి తలకు చదువుతుంది: 00 00 20 14 00. దానికి ముందు ‘ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ’ అని రెండుసార్లు తలుపు తట్టాలి, ఎవరికి, ఎవరి నుంచి అన్నది చెప్పాలి, పని చెప్పాలి, చివర ‘ఎఫ్‌డీ’ అని సెలవు తీసుకోవాలి. ఒక్క మాటకు మూడు భాషలు! అది చాలదన్నట్టు ఒకే కంపెనీలో మోడల్ మారితే యాస మారేది. కొత్తగా ప్రోగ్రాం రాసే ప్రతివాడూ ఇవన్నీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చేది.

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసులో ఇలాంటి చిక్కు దుబాసీలు తీర్చారు. దొరకు తెలుగు రాదు, ఇక్కడి వర్తకుడికి ఇంగ్లీషు రాదు, నడుమ రెండూ వచ్చిన మనిషి నిలబడేవాడు. రేడియోలకు అలాంటి దుబాసీ 2000లో దొరికాడు. ఫ్రాంక్ సింగిల్‌టన్, స్టెఫాన్ ఫిలో అనే ఇద్దరు హ్యామ్‌లు మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు హ్యామ్‌లిబ్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తమ రేడియో భాషను అందులో చేర్చవచ్చు. అలా చేర్చుకుంటూ పోగా నేడు రెండు వందలకు పైగా మోడళ్ల భాష దానికి వచ్చు.

హ్యామ్‌లిబ్‌లోనే రిగ్‌సీటీఎల్‌డీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. పొలంలోని కంప్యూటర్ మీద కూర్చుని, నెట్‌వర్క్‌లో 4532వ నంబరు పోర్టు దగ్గర చెవి ఒగ్గి ఉంటుంది. దానితో మాట్లాడటం చాలా తేలిక. ఇంగ్లీషు పెద్ద ‘ఎఫ్’ పక్కన 14200000 అని పంపితే రేడియో అక్కడికి పోతుంది. చిన్న ‘ఎఫ్’ పంపితే ఇప్పుడెక్కడుందో చెబుతుంది. పని సవ్యంగా అయితే ‘ఆర్‌పీఆర్‌టీ 0’ అని జవాబిస్తుంది. పెద్ద ‘టీ’ పక్కన 1 పెడితే ప్రసారం మొదలు, 0 పెడితే బంద్. కెన్‌వుడ్డా, ఐకామా అన్నది నగరంలో ఉన్న ప్రోగ్రాంకు తెలియనక్కర్లేదు. అయితే ఈ వాకిలికి మామూలుగా తాళం ఉండదు. ఇంటర్నెట్ మీద నేరుగా తెరిచి పెడితే దారిన పోయేవాడు కూడా మీ రేడియో తిప్పుతాడు. అందుకే వీపీఎన్ లోపలే ఉంచాలి.

ఆజ్ఞలు కొన్ని బైట్లే కనుక ఎంత నీరసమైన కనెక్షన్ మీదైనా వెళతాయి. గొంతు కూడా కాస్త ఆలస్యమైనా సర్దుకుంటుంది. ఏడిపించేది చుక్కలూ గీతలతో మాట్లాడే మోర్స్. నిమిషానికి 20 మాటల వేగంతో కొడితే ఒక చుక్క నిడివి 60 మిల్లీసెకన్లు, గీత నిడివి 180. ‘కీ నొక్కాను’ అన్న వార్త వేళకు చేరి, ‘వదిలేశాను’ అన్నది 120 మిల్లీసెకన్లు ఆలస్యమైతే చుక్క కాస్తా గీతవుతుంది, ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ‘టీ’ అయిపోతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయాల్లో తేలికైనది అక్షరాలనే పంపి, చుక్కలూ గీతలూ అవతలి కొసన కొట్టించడం.

కొందరు వినడాన్ని ఊరందరికీ పంచారు. నెదర్లాండ్స్‌లో ద్వింగెలో అనే చోట 1956 నాటి రేడియో టెలిస్కోపు ఉంది, పళ్లెం వెడల్పు 25 మీటర్లు. చంద్రుడికి తగిలి తిరిగొచ్చే హ్యామ్ సంకేతాలను దానితో అందరికీ వినిపించాలన్న ఆలోచన నుంచి పీటర్-ట్యెర్క్ ద బూర్ ఇంటర్నెట్‌లో వినే వెబ్‌ఎస్‌డీఆర్ రిసీవర్ తయారుచేశాడు. ట్వెంటే విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన ఆ రిసీవర్‌ను ఒకే సమయంలో వందలమంది, ఎవరికి నచ్చిన ఫ్రీక్వెన్సీలో వాళ్లు వినొచ్చు. యాంటెన్నా ఒకటే, చెవులు వందలు.

వినడంతో ప్రమాదమేమీ లేదు, పంపడంతోనే ఉంది. ‘టీ 1’ పొలానికి చేరి, ‘టీ 0’ చేరేలోపు నెట్ పోయిందనుకోండి. మనిషి పక్కన లేడు. పెట్టె ప్రసారం చేస్తూనే ఉంటుంది, వేడెక్కుతుంది, ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవరినీ మాట్లాడనివ్వదు. అమెరికా నిబంధనలు దీన్ని ముందే ఊహించాయి: నియంత్రణ లింకు చెడితే ప్రసారం 3 నిమిషాలకు మించి సాగకుండా స్టేషన్‌లోనే ఏర్పాటుండాలి. చెయ్యి దూరం జరిగినా బాధ్యత దూరం జరగలేదన్నమాట.

ఇంకో పరిమితి హైదరాబాద్ హ్యామ్‌లకు బాగా తెలుసు. ఇక్కడి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి స్టేషన్ పెట్టింది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోతే, ఆ బృందమే అండమాన్ కబుర్లను బయటి ప్రపంచానికి చేరవేసింది. చెయ్యి పెట్టె మీద ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఇంటర్నెట్ మీద ఆధారపడే రేడియో ఇంటర్నెట్‌తో పాటే మూగబోతుంది.

కాబట్టి పొలంలో పెట్టె పెట్టాలనుకునే హ్యామ్ ముందు లైసెన్సు షరతులు చదవాలి. తర్వాత మొదటి ఖర్చు ప్రసారాన్ని ఆపే టైమర్ మీద పెట్టాలి, బ్యాటరీతో నడిచే చిన్న సెట్టు ఒకటి ఇంట్లోనే ఉంచుకోవాలి. లైసెన్సు లేనివాళ్లు ఈ రాత్రి ట్వెంటే రిసీవర్ తెరిచి, 7 మెగాహెర్ట్‌జ్ పైన 100 కిలోహెర్ట్‌జ్ దగ్గర ‘ఎల్‌ఎస్‌బీ’ నొక్కండి. మొదట బాతుల కూతలు వినిపిస్తాయి. ముల్లు కొద్దికొద్దిగా జరపండి, బాతు మనిషై మాట్లాడుతుంది.